నదికి వీపు పెట్టిన గది

కిందటేడు శాన్ ఫ్రాన్సిస్కోలో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు బావ మమ్మల్ని ఓరకిల్ పార్కు అనే బేస్‌బాల్ స్టేడియానికి తీసుకెళ్లాడు. బేస్‌బాల్ నాకు ముక్క అర్థం కాదు, అయినా ఆ కట్టడం ఇప్పటికీ మనసులోంచి పోలేదు. ఈ సంక్రాంతికి వాళ్లొస్తే కోనసీమ తిప్పాను, తిరిగినంతసేపూ ఆ స్టేడియమే గుర్తొచ్చింది.

దిండిలో బస చేశాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, పనివాళ్లు మర్యాదస్తులు. కానీ వశిష్ఠ గోదారిని పక్కనే పెట్టుకుని మా కిటికీ కార్లు నిలిపే చోటుకి తెరుచుకుంది! నది వైపు గది కావాలని ఫోన్లో రెండుసార్లు చెప్పాను, సరేనన్నారు కూడా. బావ బ్యాగు దించుతూనే "కట్టినవాళ్లు గోదారి వైపు తిరిగి చూడలేదా బామ్మర్దీ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఓరకిల్ పార్కులో అలా కాదు. అక్కడాడే జెయింట్స్ టీమ్ పాత మైదానం క్యాండిల్‌స్టిక్ పార్కులో గాలీ చలీ జనాన్ని కూర్చోనిచ్చేవి కావట. అందుకని కొత్తది కట్టకముందే బ్రూస్ వైట్ అనే ప్రొఫెసర్ చేత నమూనా మీద గాలి పరీక్షలు చేయించి, మైదానం దిశనే మార్చారు, 2000లో తెరిచారు. కుడివైపు నీళ్లు అడ్డం, స్థలం లేదు, బంతి కొట్టే చోటు నుంచి కుడి గీత వెంబడి 309 అడుగులకే గోడ వచ్చేస్తుంది. అంత దగ్గరైతే బంతి సులువుగా దాటేస్తుంది కదా, అందుకే గోడని 24 అడుగులు లేపారు, అది పాత ఆటగాడు విల్లీ మేస్ జెర్సీ నంబరు కూడా. గట్టిగా కొడితే బంతి గోడ దాటి నీళ్లలో పడుతుంది, దాని కోసం చిన్న పడవల్లో జనం కాచుకుని ఉంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ గోడలోని కమానులు, టికెట్ లేకపోయినా బయట నిలబడి జాలీలోంచి కాసేపు ఆట చూడొచ్చు.

మేం పైఅంతస్తులో చవక టికెట్లు కొన్నాం, అక్కణ్ణుంచి శాన్ ఫ్రాన్సిస్కో బే, అంటే ఊరి పక్కనున్న అఖాతం, అంతా కనిపిస్తుంది. తిండి ఖరీదు, సాయంత్రం స్వెట్టర్ తప్పదు. కాల్‌ట్రెయిన్ అనే లోకల్ రైలు దిగి నడిచిపోవచ్చు, కారు టెన్షన్ లేదు.

ఇక్కడ ఆ తృప్తి నాకు సఖినేటిపల్లి రేవులో దొరికింది. కారుతో సహా పంటు ఎక్కి నరసాపురం వైపుకి నది దాటాం. ఏసీ లేదు, కుర్చీ లేదు, అంచున నిలబడ్డవాళ్లందరికీ గోదారి మాత్రం నిండుగా ఉంది. అక్క రెయిలింగ్ వదిలితే ఒట్టు, ఆవలి రేవు వచ్చాక "ఇంకోసారి దాటుదామా?" అంది. దాటాం కూడా. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కాటన్ దొర మ్యూజియం గంటలో చూసేయొచ్చు, పిల్లలుంటే తప్పక వెళ్లండి.

దిండిలో గది తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు మంచం ఫోటో కాదు, కిటికీలోంచి బయటికి తీసిన ఫోటో అడగండి.