జెన్ డీజిల్, ఎస్టీమ్ డీజిల్ ఉన్నవాళ్లకు హెచ్చరిక: గాట్లు లెక్కపెట్టకుండా హెడ్ గ్యాస్కెట్ కొనకండి

పాత మారుతి జెన్ డీజిల్ కారు గానీ ఎస్టీమ్ డీజిల్ గానీ ఇంకా నడుపుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య లీకు రాకుండా వేసే పలచని రేకు) కొనండి. దాని మందమెంతో అంచున కోసిన చిన్న గాట్లే చెబుతాయి. నెల తిరక్కుండా ఒకే ఇంజన్ హెడ్ రెండుసార్లు విప్పించి, రెండుసార్లు లేబర్ కట్టినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మాది 1999 మోడల్ జెన్ డీజిల్. నాన్న కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదు. ఎండాకాలంలో ఏలూరు నుంచి వస్తుంటే టెంపరేచర్ ముల్లు పైకెక్కింది. బండి పక్కన ఆపి, బాగా చల్లారాక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందని అర్థమైపోయింది.

మెకానిక్ హెడ్ దించి లేత్ షాపుకు పంపాడు. నేను గ్యాస్కెట్ కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. షాపాయన అడిగింది ఒక్కటే: "పెట్రోలా, డీజిలా?" డీజిల్ అన్నాను. అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. సైజులు ఏమైనా ఉంటాయా అని అడిగాను కూడా. "జెన్ డీజిల్‌కి అన్నీ ఒకటే సార్. ఇది మందంగా ఉంది, మళ్లీ లీకు రాదు" అన్నాడు. ఆ "మందంగా ఉంది" అన్నమాటే నన్ను ముంచింది.

బిగించాక పొద్దున పూట స్టార్టింగ్ నరకమైపోయింది. గ్లో ప్లగ్గులు (చల్లటి డీజిల్ ఇంజన్ అందుకోవడానికి లోపల వేడి పుట్టించేవి) కొత్తవి, బ్యాటరీ కొత్తది. అయినా సెల్ఫ్ కొట్టీ కొట్టీ ఎప్పటికో అందుకునేది. అందుకున్నాక ఇంటి ముందంతా తెల్లపొగ, ముక్కు మండే కాలని డీజిల్ వాసన. ఫ్లైఓవర్ ఎక్కాలంటే గేరు తగ్గించాల్సిందే. పంపు టైమింగ్ తప్పిందనుకుని అటు కొంత ఖర్చు పెట్టాం. చివరికి ఇంకో పెద్ద మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బండి కూడా చూడకుండా, "పాత గ్యాస్కెట్ ఏది బాబూ?" అన్నాడు.

అదృష్టం కొద్దీ మొదటి షెడ్డు వెనక తుక్కులో దొరికింది. ఆయన కిరోసిన్ గుడ్డతో దాని అంచు తుడిచి, బొటనవేలి గోరు మెల్లగా పోనిచ్చాడు. గోరు రెండుచోట్ల తట్టుకుంది. రెండు గాట్లు. హెడ్ విప్పి కొత్తది చూస్తే సరిగ్గా అదే చోట ఐదు గాట్లున్నాయి.

విషయమేమిటంటే, ఈ బళ్లలో ఉన్నది ప్యూజో తయారుచేసిన టియుడి5 ఇంజన్, 1527 సీసీ. డీజిల్ ఇంజన్ కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ అంచు దాటి కొద్దిగా బయటికి పొడుచుకొస్తుంది. ఎంత పొడుచుకొస్తుందన్నది ఇంజన్ ఇంజన్‌కీ కొద్దిగా మారుతుంది. అందుకే కంపెనీవాళ్లు గ్యాస్కెట్‌ను వేర్వేరు మందాల్లో చేసి, అంచున గాట్లతో గుర్తు పెట్టారు. పలచనిది పడితే పిస్టన్ హెడ్‌కు తగిలే ప్రమాదం. మందంది పడితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే బలం, పడిపోతుంది.

వెంట్రుక మందానికి ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. ఒక్కో సిలిండర్ దాదాపు 382 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) 23:1. అంటే పిస్టన్ పైకొచ్చాక గాలికి మిగిలే చోటు 17 సీసీ పైచిలుకు మాత్రమే. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 77 మి.మీ. కాబట్టి గ్యాస్కెట్ 0.2 మి.మీ. మందమైతే దాదాపు ఒక సీసీ చోటు పెరుగుతుంది. 23 కాస్తా 22 కిందికి దిగుతుంది. అసలే అరిగిన రింగులతో నడుస్తున్న ఇంజన్‌కు ఆ ఒక్క అంకె చాలు, పొద్దున మొరాయించడానికి.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కాలిపర్‌తో కొలిచి పోల్చకండి. పాతది ఏళ్ల తరబడి బోల్టుల కింద నలిగి ఉంటుంది, ఆ కొలత మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. గాట్లే నమ్మాలి. అవి కూడా ఏ చోట ఉన్నాయో చూడాలి. ఒకచోటి గాట్లు ఇంజన్ రకాన్ని చెబితే ఇంకోచోటివి మందాన్ని చెబుతాయి. చాలా ఇంజన్లలో గ్యాస్కెట్ అంచు కొద్దిగా బయటికి ఉంటుంది కాబట్టి, హెడ్ విప్పకముందే టార్చి వేసి ఫోటో తీసుకోవచ్చు.

అయితే పిస్టన్లు మార్చినా, బ్లాక్ ఫేసింగ్ చేయించినా (పైముఖాన్ని చదునుగా చెక్కించినా) పాత గాట్ల లెక్క చెల్లదు. అప్పుడు పిస్టన్ ఎంత పొడుచుకొస్తోందో డయల్ గేజ్ (సన్నని కొలతలు తీసే ముల్లు పరికరం)తో కొలిపించాల్సిందే. మా పెద్ద మెకానిక్ నాలుగు పిస్టన్ల మీదా కార్బన్ గీకి, ఒక్కోదాన్నీ రెండుచోట్ల కొలిచి, అన్నిటికన్నా ఎక్కువ పొడుచుకొచ్చిన దాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. అది రెండు గాట్ల దానికే సరిపోయింది. మాకు ఫేసింగ్ చేసింది హెడ్‌కే కాబట్టి ఆ కొలత మారలేదు.

రెండో విడతకు గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు, కూలెంట్, లేబర్ అన్నీ కలిపి 9,500 రూపాయలు అయింది. షాపుకెళ్లి అడిగితే "వాడిన సరుకు వాపసు లేదు" అన్నారు. నా దగ్గరున్నది "గ్యాస్కెట్ సెట్ 1" అని రాసిన తెల్లచీటీ. దాంతో ఏం వాదించగలను? బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, అడిగి తీసుకోండి. అందులో పార్టు నంబరూ గాట్ల సంఖ్యా రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర కొనకండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు చూపించడానికి చేతిలో కాగితమంటూ ఉంటుంది.

ఇప్పటికే కొని ఇంకా బిగించనివాళ్లుంటే ఈరోజే పెట్టె తెరిచి అంచు చూడండి. పాత గ్యాస్కెట్‌ను మాత్రం కొత్తది బిగించి, బండి వారం రోజులు సాఫీగా నడిచేదాకా తుక్కులో పారేయనివ్వకండి.