బాబాయ్ కారు, నా లైసెన్సు: విశాఖలో నాలుగు సెలవుల తర్వాత

మా బాబాయ్ కారు పాలసీలో ‘డ్రైవర్’ అన్న మాటకు ఎదురుగా రెండు లైన్లు ఉంటాయి. ఆ రెండు లైన్లంటే నాకు చాలా ఇష్టం. పాలసీదారుతో సహా ఎవరు నడిపినా పర్వాలేదు, ప్రమాదం జరిగే సమయానికి వాళ్ల దగ్గర చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, లైసెన్సుకు అనర్హులై ఉండకూడదు అని వాటి అర్థం. అంటే మన దగ్గర ఇన్సూరెన్స్ బండికి చేస్తారు, నడిపే మనిషికి కాదు. మేముండే న్యూజెర్సీలో ఇంట్లో లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరి పేరూ కంపెనీకి చెప్పాలి, వాళ్ల వయసు, పాత యాక్సిడెంట్లు చూసి ప్రీమియం లెక్కకడతారు. అది అలవాటైపోయి, 2019 డిసెంబరులో మొదటిసారి బాబాయ్ తాళాలు చేతిలో పెట్టినప్పుడు, నెల రోజుల కోసం విడిగా ఏదైనా పాలసీ దొరుకుతుందా అని రెండు రోజులు వెతికాను. అలాంటిదేమీ లేదు, అవసరమూ లేదు. ఆ నెలంతా ఎంవీపీ కాలనీ నుంచి సింహాచలం, గాజువాక, భీమిలి, అమ్మను ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పాను. ఆటో కోసం ఎండలో నిలబడే పని లేకుండా అమ్మను గుమ్మం దగ్గరే ఎక్కించుకోగలగడం నాకెంత తృప్తినిచ్చిందో చెప్పలేను.

తిరిగి వెళ్లాక కనపడిన ప్రతి తెలుగువాళ్లకూ ‘ఏమీ చేయనక్కర్లేదు, వెళ్లి నడిపేయడమే’ అని చెప్పాను. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం నాకు తెలియడానికి ఇంకో రెండు ప్రయాణాలు పట్టింది.

2022 డిసెంబరులో దిగిన రెండో రోజు తాళాలు అడిగితే బాబాయ్ ఇవ్వలేదు. ‘ముందు నీ లైసెన్సు చూపించమ్మా’ అన్నారు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, కాగితం చూడందే ఏ పనీ చేయరు. నేను ఇక్కడే 2001లో తీసుకున్న లైసెన్సు అది. ఇరవై ఏళ్లకు ఇచ్చారు. అంటే 2021లోనే గడువు తీరిపోయింది. పర్సులో భద్రంగా ఉంది కాబట్టి బాగానే ఉందనుకున్నాను. 2019లో చట్టం మారాక గడువు తీరిన ఏడాదిలోపు అయితే మామూలుగా రెన్యువల్ చేస్తారు, ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు నిలబడాలి. నాకు ఏడాది దాటింది, ఉన్నది మూడు వారాలు. బాబాయ్ అడక్కపోతే ఆ మూడు వారాలూ ఆ చెల్లని కార్డుతోనే నడిపేదాన్ని. నాకెంతో ఇష్టమైన ఆ రెండు లైన్లు ఆ మూడు వారాలూ నన్ను కాపాడేవి కావు. ఎవరికైనా దెబ్బ తగిలితే, ఇన్సూరెన్స్ కంపెనీ ఆ దెబ్బ తగిలినవాళ్లకు డబ్బిచ్చి, తర్వాత ఆ మొత్తాన్ని కారు సొంతదారు దగ్గర, అంటే బాబాయ్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ ట్రిప్పంతా ఆటోల్లోనే తిరిగాం.

అందుకే మూడోసారికి, నా న్యూజెర్సీ లైసెన్సుతో ఇక్కడ నడపడానికి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే బయల్దేరాను. దీన్ని మన లైసెన్సు ఏ దేశం ఇచ్చిందో ఆ దేశంలోనే ఇస్తారు. అమెరికాలో ట్రిపుల్ ఏ (అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్) ఆఫీసులో రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఇరవై డాలర్లు ఇస్తే పావుగంటలో బుక్‌లెట్ చేతికి వచ్చింది. ఏడాది చెల్లుతుంది. ఇక్కడ విశాఖ ఆర్టీవో ఆఫీసులో ఇచ్చేది ఇక్కడి లైసెన్సుతో బయటి దేశాలకు వెళ్లేవాళ్లకు, మనకు కాదు. ఆన్‌లైన్‌లో పదేళ్లకని అమ్మే కార్డులు అసలు పనికిరావు. ఇంకొకటి, ఈ బుక్‌లెట్ ఒక్కటే సరిపోదు, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి.

ఇక అసలు సంగతి. 2024 జనవరి, ముక్కనుమ నాడు అమ్మను, పిన్నిని తీసుకుని భీమిలి వెళ్లాను. తిరిగి వస్తుంటే రుషికొండ దగ్గర జనం, బళ్లు. ఒక కుర్రాడు బైకు మీద ఎడమవైపు నుంచి దూసుకొచ్చాడు. వాడిని తప్పించబోయి కుడివైపు డివైడర్‌కు కొట్టేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. బైకు ఆగకుండా వెళ్లిపోయింది. ముందు బంపరు చీలిపోయింది, కుడి హెడ్‌లైటు పగిలింది, ఫెండరు లోపలికి వెళ్లింది. పిన్ని నా భుజం పట్టుకుని ‘బండిదేముందే, నువ్వు గాబరా పడకు’ అని ఒకటే చెప్పింది. నాకైతే చేతులు వణుకుతూనే ఉన్నాయి. బాబాయ్ ఆ స్విఫ్ట్‌ను 2016లో కొన్నారు. ఎనిమిదేళ్లలో ఒక్క గీత పడనివ్వలేదు.

మర్నాడు గ్యారేజీలో మేనేజరు క్లెయిమ్ ఫారం తీసి, పెన్ను బాబాయ్ చేతికిస్తూ, ‘ఓనర్ గారే నడిపారని రాసేద్దాం మేడమ్, మీ పేరు రాస్తే లేనిపోని ప్రశ్నలు, ఎవరూ అడగరులెండి’ అన్నాడు. అతను చెడ్డ ఉద్దేశంతో అన్నాడనుకోను, రోజూ చేసే పనే కావచ్చు. నేను ఒక్క క్షణం ఆలోచించాను కూడా. బాబాయ్ మాత్రం పెన్ను నా వైపు జరిపి, ‘నడిపింది నువ్వు కదమ్మా, నీ పేరే రాయి’ అన్నారు. రాశాను. అబద్ధం రాసి అది బయటపడితే మొత్తం క్లెయిమే పోతుంది. అంతకంటే, ఆ వయసులో ఆయన చేత అలాంటి సంతకం పెట్టించడం నాకు ఇష్టం లేదు.

కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. ఆర్‌సీ, పాలసీ చూశాడు. నా న్యూజెర్సీ లైసెన్సు రెండు వైపులా చూశాడు. బుక్‌లెట్‌లో కారుకు సంబంధించిన ‘బి’ విభాగం దగ్గర ముద్ర, మొదలైన తేదీ చూశాడు. పాస్‌పోర్టులో దిగిన తేదీ కూడా అడిగాడు. ఇలాంటి బుక్‌లెట్ తానెప్పుడూ చూడలేదని, ఆఫీసుకు పంపుతానని వెళ్లాడు. తర్వాత ఆరు రోజులు చడీచప్పుడు లేదు. ఏడో రోజు ఒక ఉత్తరం మెయిల్‌లో వచ్చింది: నడిపిన వ్యక్తి చిరునామా వేరే దేశంలో ఉంది, పాలసీదారుతో సంబంధం ఏమిటి, అద్దెకు తీసుకున్నారా? ఈ మూడో ప్రశ్న చూసి నేను ఒక్కసారి కళ్లు మూసుకున్నాను. ఎందుకంటే వచ్చిన మొదటి వారంలోనే పెట్రోలుతో పాటు వాడకానికి కొంత డబ్బు తీసుకోమని బాబాయ్‌ను బతిమాలాను. ‘ఇంటి బండికి బాడుగేటమ్మా’ అని ఆయన కోప్పడ్డారు. సొంత కారు పాలసీలో బాడుగకు తిప్పకూడదన్న షరతు స్పష్టంగా ఉంటుంది. ఆయన ఆ డబ్బు తీసుకుని ఉంటే, అభిమానంతో ఇచ్చిందే అయినా, మేమే ఆ షరతును తప్పినట్టు అయ్యేది.

అన్న కూతురినని, అద్దె లేదని జవాబిచ్చి, డ్రైవర్ గురించిన ఆ రెండు లైన్లు అలాగే రాసి పంపాం. మరో నాలుగు రోజులకు క్లెయిమ్ పాసైంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం డబ్బు గురించి కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పినా పని జరిగినందుకు.

డబ్బు విషయానికొస్తే అంత గొప్పగా ఏమీ లేదు. బిల్లు 24,600. కారు పాతది, భాగాల వయసును బట్టి కోత లేకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ లేదు. ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, లోహపు భాగాల్లో కూడా వయసును బట్టి కోస్తారు, 1500 సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరిగా మనం భరించాల్సిన వెయ్యి రూపాయలు ఒకటి. అన్నీ పోగా వచ్చింది 14 వేల చిల్లర. అసలు నొప్పి మార్చిలో రెన్యువల్ అప్పుడు తెలిసింది. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే బాబాయ్‌కు ఉన్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, ఒక్క క్లెయిమ్‌తో సున్నా అయింది. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియం రెట్టింపు. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరడానికి ఐదేళ్లు. తప్పు నాది, శిక్ష ఆయనకు పడింది. పెరిగిన డబ్బు నేను కడతానంటే వినలేదు, పిన్ని ఖాతాలో వేశాను. బోనస్‌ను కాపాడే యాడ్-ఆన్ కొన్ని కంపెనీలు ఇస్తాయని అప్పుడే తెలిసింది. బోనస్ ఉన్నప్పుడే తీసుకోవాల్సింది.

ఇంకో విషయం చెప్పకపోతే అన్యాయం. పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కారు ఎవరి పేరున ఉందో వాళ్లకే, నడిపే చుట్టానికి కాదు. బండి అడిగి తీసుకుని నడిపేవాడు ఓనర్ స్థానంలోకి వస్తాడని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది కాబట్టి, మన పొరపాటున మనకే దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ కింద, అంటే బయటివాళ్లకు ఇచ్చే పరిహారం కింద, అడగడానికీ వీలుండదు. ఈ సంగతి తెలిశాక, విడిగా ఏమీ కొననక్కర్లేదన్న నా పాత మాటను వెనక్కి తీసుకున్నాను. కారుకు కొననక్కర్లేదు, నాకు కొనుక్కోవాలి. 2025లో వచ్చేటప్పుడు తీసుకున్న ట్రావెల్ పాలసీలో డ్రైవింగ్‌లో తగిలే దెబ్బలకు మినహాయింపు లేదని రాయించుకుని మరీ కొన్నాను.

నాకు ఇది కుదిరిందంటే కారణాలున్నాయి. నేను ఉండేది నాలుగైదు వారాలు. గేర్లు, ఎడమవైపు నడపడం ఈ ఊళ్లోనే నేర్చుకున్నాను. బాబాయ్‌ది ఓన్ డ్యామేజ్ కూడా ఉన్న పాలసీ, వట్టి థర్డ్ పార్టీ అయితే ఆ 24,600 మొత్తం మేమే పెట్టుకునేవాళ్లం. అన్నిటికంటే, నిజం రాయమనే మనిషి ఆయన. వీటిలో ఏది లేకపోయినా నేను డ్రైవరును పెట్టుకునేదాన్నేమో. పిల్లలతో పది రోజులకు వచ్చే మా చెల్లికి అదే చెప్పాను.

వచ్చే సంక్రాంతికి టికెట్లు కొనేశాం. ఇప్పుడున్న బుక్‌లెట్ గడువు భోగికి వారం ముందే అయిపోతుంది. కొత్తది తీసుకుని ఫొటో పంపితే ప్రింటు తీసి కారు డ్యాష్‌బోర్డు అరలో పెడతానని బాబాయ్ నిన్న ఫోన్‌లో మళ్లీ గుర్తు చేశారు.