చెక్క చీల్చడానికి టేబుల్ సా మేలా, బ్యాండ్ సా మేలా?

ఇంట్లో వర్క్‌షాప్ పెట్టుకునేవాళ్ల చూపు ముందు టేబుల్ సా మీదే, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచి ఉండే రంపం మీదే పడుతుంది. ఒంటరిగా పనిచేసుకునే కొత్తవాళ్లకు మాత్రం నేను బ్యాండ్ సాతో, అంటే పట్టీలాంటి బ్లేడు చక్రాల మీద తిరిగే రంపంతో మొదలుపెట్టమంటాను. కారణం కిక్‌బ్యాక్, అంటే బ్లేడు చెక్కను మన మీదికే విసిరేయడం.

టేబుల్ సాలో పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 190 కిలోమీటర్లు. మన వైపున్న పళ్లు కిందికి దిగుతూ కోస్తాయి, వెనకవైపు పళ్లు పైకి లేస్తాయి. చిక్కంతా ఆ వెనక పళ్లతోనే. లోపల బిగువు ఉన్న చెక్క సగం తెగగానే చీలిక మూసుకుపోయి బ్లేడును నొక్కుతుంది. లేదా పలక ఫెన్స్‌ను (చెక్కను తిన్నగా నడిపించే పక్క పట్టీని) వదిలి కాస్త పక్కకు తిరుగుతుంది. వెనక పళ్లు దాన్ని పైకెత్తి మన మీదికే విసురుతాయి. నా చేతిలోంచి అలా పోయిన ఒక సన్నటి బద్ద వెనక గోడకు బొటనవేలు పట్టేంత గుంట పెట్టింది. అదృష్టం కొద్దీ నేను పక్కకు నిలబడి ఉన్నాను. ఇంకా ఘోరం ఏమిటంటే, పలకను నొక్కి పట్టిన చెయ్యి కూడా దాంతోపాటు బ్లేడు మీదికి పోవచ్చు.

బ్యాండ్ సా బ్లేడు ఎప్పుడూ కిందికే లాగుతుంది. పలకను టేబుల్‌కి అదుముతుందే తప్ప మన మీదికి విసరదు. చీలిక మూసుకుంటే బ్లేడు ఇరుక్కుంటుంది, అంతే. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, మాంసం కొట్లలో ఎముకలు కోసేదీ ఇలాంటి రంపమే. బ్లేడును పక్కకు కదలనివ్వకుండా పట్టి ఉంచే పై గైడ్‌ను చెక్కకు అర సెంటీమీటరు ఎత్తు వరకు దించాలి. చివరి జానెడూ పుష్ స్టిక్‌తోనే (చేతికి బదులు తోసే కర్రతోనే) తొయ్యాలి. గుండ్రటి కర్రను ఊరికే చేత్తో పట్టుకుని కొయ్యొద్దు, గిర్రున తిరిగిపోతుంది.

కోత నునుపులో టేబుల్ సాదే పైచేయి, ఒప్పుకుంటాను. బ్యాండ్ సా కోసిన అంచుకు చిత్రిక పట్టాల్సిందే. నాకు ఆ అదనపు పని బరువనిపించదు.

టేబుల్ సానే కావాలంటే రివింగ్ నైఫ్ ఉన్నదే తీసుకోండి. బ్లేడు వెనకే, దాంతోపాటు లేస్తూ దిగుతూ ఉండే ఆ చిన్న రేకు చీలికను మూసుకోనివ్వదు. అడ్డంగా ఉందని దాన్ని విప్పి మూలన పడేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం. వేలు తగలగానే 5 మిల్లీసెకన్ల లోపు ఆగిపోయే సాస్టాప్ లాంటి మిషన్లూ ఉన్నాయి. ఖరీదైనా గొప్ప రక్షణ. కానీ ఆ బ్రేకు పసిగట్టేది ఒంటి స్పర్శనే, ఎగిరొచ్చే పలకను కాదు. అందుకే అక్కడా రివింగ్ నైఫ్ ఉండాలి, మనం కోత గీతకు పక్కగా నిలబడాలి.

గ్లవ్స్ రెండింటి దగ్గరా వద్దు. పళ్లు బట్టను పట్టాయంటే చెయ్యి కూడా లోపలికి పోతుంది.

పెద్ద ప్లైవుడ్ షీట్లకైతే ఈ రెండూ వద్దు. షీటును నేల మీద ఫోమ్ బోర్డుపై పరిచి, పట్టాలాంటి పట్టీ వెంట జరిగే చేతి మిషన్ రంపం, ట్రాక్ సాతో కొయ్యండి.