హెచ్‌డీఆర్‌తో మూడేళ్లు: ఆకాశం దక్కింది, నల్లరాయి వెలిసిపోయింది

మూడేళ్ల క్రితం కొన్న నా మధ్యశ్రేణి ఫోనులోని హెచ్‌డీఆర్‌కు (వరుసగా తీసిన ఫొటోలను కలిపి వెలుగునూ నీడనూ ఒకే చిత్రంలో చూపే పద్ధతి) అసలైన పరీక్ష పాలంపేట రామప్ప గుడి దగ్గరే ఎదురైంది. ఎర్రటి ఇసుకరాతి గోడల పైన, చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలను (స్త్రీ శిల్పాలను) కింది నుంచి తీస్తే వెనక మధ్యాహ్నపు ఆకాశం పడుతుంది కాబట్టి, హెచ్‌డీఆర్ ఆపేస్తే శిల్పమైనా మసిముద్దవుతుంది, ఆకాశమైనా తెల్లకాగితమవుతుంది.

హెచ్‌డీఆర్‌ను ఆటో మోడ్‌లో ఉంచితే రెండూ కనిపిస్తాయి, కానీ నల్లరాయి బూడిదరంగుకు తిరుగుతుంది. నీడ కనిపిస్తే చాలు వెలిగించాలనుకునే సాఫ్ట్‌వేర్‌కు ఆ రాతి అందమంతా నలుపులోనే ఉందని ఎలా తెలుస్తుంది? మొదటి ఏడాది ఆ ఫొటోలు చూసి సంబరపడ్డాను గానీ, ఇప్పుడు వాటిలో ఒక్కటీ నచ్చడం లేదు.

ఇప్పుడు శిల్పం మీద ఫోకస్ పెట్టి, మబ్బుల అంచులు స్పష్టంగా కనిపించేదాకా ఫొటో వెలుతురును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ స్లైడర్‌ను కిందికి జరిపి తీస్తున్నాను. తరువాత ఫొటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో నీడలను మాత్రం, అదీ సగంలోనే ఆగి, పెంచుతున్నాను. వెలుతురుతో పూర్తిగా నిండిపోయిన పిక్సెల్‌లో తిరిగి రాబట్టడానికి ఏమీ ఉండదు, చీకటి భాగంలో గరుకుతో (చుక్కచుక్కలుగా కనిపించే నాయిస్‌తో) పాటైనా కొంత వివరం మిగులుతుంది. గూగుల్ పరిశోధకులు 2016లో వివరించిన హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతికీ ఇదే ఆధారం: కావాలనే తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరుసగా తీసిన ఫ్రేములను సరిగ్గా పేర్చి కలుపుతారు. అడ్డదిడ్డంగా పడే గరుకు, 9 ఫ్రేముల సగటు తీస్తే, సూత్రప్రకారం మూడో వంతుకు తగ్గుతుంది.

రా ఫైలు (సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచే ఫైలు) మీద పెట్టుకున్న ఆశ మాత్రం సగమే నెరవేరింది. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 వెలుతురు మెట్లుంటే 10 బిట్ల రాలో 1024 ఉంటాయి గనుక ఎండలో తీసినవి దిద్దుబాటుకు బాగా లొంగాయి. కానీ నా ఫోను రాలో ఒక్క ఫ్రేమునే దాస్తుంది కాబట్టి, సాయంత్రం మండపం లోపల తీసినవి మామూలు హెచ్‌డీఆర్ కంటే గరుకుగా వచ్చాయి. గాలికి కొమ్మలు ఊగితే హెచ్‌డీఆర్‌లో ఆకులు జంటలుగా పడతాయి. అన్నట్టు, లెన్స్ మీద వేలిజిడ్డు ఉంటే వెలుతురు చెదిరి నీడలన్నీ పాలిపోతాయి. కొన్ని నెలల పాటు నేను సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్న లోపం చొక్కా అంచుతో తుడిస్తే పోయింది.

తీరని ఇబ్బంది ఒకటే: ప్రతి ఫొటో తరువాత ఆ స్లైడర్ సున్నాకు వెళ్లిపోతుంది, మళ్లీ జరిపేలోగా మబ్బు కదిలిపోతుంది.