పెంచలకోన అడవిలో రెండు శీతాకాలాలు వాడిన 8×42 బైనాక్యులర్

నెల్లూరులోని ఒక దుకాణంలో తొమ్మిది వేలకు కొన్న ఈ 8×42 బైనాక్యులర్‌ను (ఎనిమిదింతలు పెంచేది, ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లు) ప్రధానంగా ఒక్క పిట్ట కోసమే వాడాను. దుకాణదారు 10×50ను ముందుకు తోసి, "ఇది ఇంకా దగ్గరగా చూపిస్తుందండీ" అన్నారు. అయితే పదింతలు పెంచే పరికరం పిట్టతో పాటు చేతి వణుకునూ అంతే పెంచుతుంది, ఒకేసారి కనిపించే వెడల్పు కూడా సాధారణంగా తగ్గుతుంది కనుక, కొమ్మ నుంచి కొమ్మకు గెంతే చిన్న పిట్టలకు 8×42నే మేలని ఎంచుకున్నాను.

ఆ పిట్ట జెర్డన్స్ లీఫ్‌బర్డ్ అనే ఆకుపచ్చని చిన్న పక్షి. ఒకప్పుడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ పేరును 1844లో పక్షి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి పెట్టాడు కాబట్టి, ఒక రకంగా మన ఊరి చుట్టమే. ఆకుల మధ్య ఆకులా కలిసిపోవడం చాలదన్నట్టు ఇతర పక్షుల కూతలను కూడా అనుకరిస్తుంది. ఏట్రింత (డ్రాంగో అనే నల్ల పిట్ట) కూత విని ఇదేనేమోనని ఆశగా చూస్తే, చాలాసార్లు అక్కడ నిజంగా ఏట్రింతే ఉంటుంది.

పెంచలకోనలో వాగు పక్కన కానుగ కొమ్మను పట్టిన బదనిక పూల దగ్గర, పొద్దు పొడవక ముందే, మగపిట్ట ముఖమూ గొంతూ నల్లగా, ఆ నలుపులో దవడ మీద సన్నని నీలి గీత స్పష్టంగా కనిపించాయి. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లే కంటి వైపు బయటికొచ్చే కాంతి వలయం వ్యాసం, దాని విలువ ఆ మసక వెలుతురులోనే తెలిసింది. నుదుటి మీద బంగారు రంగు ఉంటే అది గోల్డెన్ ఫ్రంటెడ్ లీఫ్‌బర్డ్ అవుతుంది, దీనికి లేదు. ఆడపిట్టకు నలుపు ఉండదు, గొంతు లేత నీలాకుపచ్చ.

లోపాలు రెండున్నాయి. పిట్ట వెనుక ఆకాశం ఉంటే అంచుల వెంట ఊదా రంగు చార తేలుతుంది, అది దవడ మీది నీలి గీతను తికమక పెడుతుంది. అంతకన్నా విసిగించేది కుడి కంటి వైపు డయాప్టర్ వలయం, అంటే రెండు కళ్ల చూపు తేడాను సరిచేసుకునే తిప్పుడు వలయం. సంచిలోంచి తీసిన ప్రతిసారీ జారిపోయి ఉంటుంది, దాన్ని సరిచేసేలోపు ఒక ఆడపిట్ట ఎగిరిపోయింది. దుకాణంలో అడిగితే "అన్నీ అంతేనండీ" అన్నారు. చివరకు కరెంటు పనివాళ్ల నల్ల టేపు ఒక చుట్టు చుట్టాను.

ఈ ధరలో కొనదలచినవారు డబ్బు కట్టే ముందు ఆ వలయం బిగువు చూసుకుని, వీధిలోకి వచ్చి కరెంటు తీగ మీది పిట్టను ఆకాశానికి ఎదురుగా ఒకసారి చూడాలి. ఊదా చార మందంగా ఉంటే అదే రకంలో మరొకటి తీసి చూపించమని అడగాలి.