కర్నూల్లో ‘పాత గేమ్స్ అన్నీ వీఆర్‌లో’ అని అమ్మే ఆయన దగ్గర కొనే ముందు ఇది చదవండి

ఎవరి గురించి రాస్తున్నానో కర్నూలు వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. ‘వైస్ సిటీ, ఐజీఐ, మ్యాక్స్ పేన్, మోస్ట్ వాంటెడ్... మీ చిన్ననాటి గేమ్స్ 500కు పైగా, ఇప్పుడు వీఆర్‌లో!’ అని గ్రూపుల్లో వారం వారం పోస్టర్ వేసే మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. (వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకి హెడ్‌సెట్ కట్టుకుని గేమ్ లోపలే ఉన్నట్టు ఆడటం.) పేరు మాత్రం రాయను. రాస్తే రేపు పొద్దున్నుంచే పోస్ట్ తీసేయమని ఫోన్లు మొదలవుతాయి. ఎవరైనా అడ్వాన్స్ వేద్దామని చూస్తుంటే ఈ ఒక్కరోజు ఆగండి. ఒళ్లు మండిపోతూ రాస్తున్నా, ఎక్కడైనా మాట తూలితే సర్దుకోండి.

పొట్టిగా చెప్తా. సెకండ్ హ్యాండ్ క్వెస్ట్ 2 (మెటా కంపెనీ వీఆర్ హెడ్‌సెట్), 128 జీబీది, 24 వేలు. దానితో పాటు ‘వీఆర్ గేమ్స్ ప్యాక్’ అని ఒక హార్డ్ డిస్క్, 5,500. మొత్తం యూపీఐలో కొట్టేశాను. బిల్లు అడిగితే ‘జీఎస్టీ వేస్తే నీకే ఎక్కువైతాదన్నా’ అన్నాడు. నా మీద ఎంత ప్రేమ! నేనూ తల ఊపాను. ‘ప్యాక్ ఆడటానికి లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలా?’ అంటే ‘ఏ లాప్‌టాప్ అయినా చాలు’ అన్నాడు. దానికీ ఊపాను.

డెమో మాత్రం అదిరిపోయింది, అబద్ధం చెప్పను. రెసిడెంట్ ఈవిల్ 4 పెట్టాడు. తుపాకీ మన చేతిలోనే ఉంటుంది, గుళ్లు అయిపోతే నడుం దగ్గర చెయ్యి పెట్టి తీసి నింపుకోవాలి. వెనక అడుగుల చప్పుడైతే ఒళ్లంతా తిప్పి చూడాల్సిందే. షాపులో నేను ఒక స్టూలుని తన్నేశాను కూడా. మిగతా గేమ్స్ కూడా ఇట్లాగే ఉంటాయా అని అడిగాను. ‘ఇంతకంటే బాగుంటాయన్నా’ అన్నాడు.

నాకు తర్వాత తెలిసిందేంటంటే, ఆ గేమ్ 2005 నాటిదే అయినా 2021లో క్వెస్ట్ 2 కోసం ప్రత్యేకంగా మళ్లీ తయారుచేసి స్టోర్‌లో అమ్మారు. అది ఆయన అకౌంట్‌లో ఉన్న గేమ్. హెడ్‌సెట్ రీసెట్ చేసి నా అకౌంట్ వేసుకోగానే అది మాయం. అంటే డెమోలో ఏం చూసి మురిసిపోయానో అది తప్ప మిగతావన్నీ నాకు అమ్మాడు.

ఇంటికొచ్చి డిస్క్ లాప్‌టాప్‌కి పెట్టి, ఆయన చెప్పినట్టే యాంటీవైరస్ ఆపేసి, వైస్ సిటీ తెరిచాను. హెడ్‌సెట్‌లో చీకటి హాలు. ఎదురుగా సినిమా తెర. ఆ తెర మీద గేమ్ హీరో టామీ గులాబీ రంగు హోటల్ ముందు నిలబడి ఉన్నాడు. ఎడమకి తిరిగితే గోడ. కుడికి తిరిగితే ఖాళీ కుర్చీల వరుస. పైకి చూస్తే సీలింగ్. ఐజీఐ తెరిచాను, అదే హాలు, అవే కుర్చీలు. మ్యాక్స్ పేన్, అదే హాలు. అరకేజీ బరువు మొహానికి కట్టుకుని, చెమటలు కారుతుండగా, 2002 నాటి గేమ్‌ని తెర మీద చూడటానికి నేను 29,500 కట్టాను. మా ఇంట్లో 43 అంగుళాల టీవీ ఉంది సామీ.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మానిటర్ కోసం చేసిన గేమ్‌లో కెమెరా ఒకటే ఉంటుంది. వీఆర్ అంటే కుడి కంటికి ఒక బొమ్మ, ఎడమ కంటికి ఇంకో బొమ్మ, రెండు కళ్ల మధ్య ఉండే ఆ ఆరు సెంటీమీటర్ల చిల్లర తేడాతో వేరువేరుగా గీయాలి. అదీ సెకనుకి 72, 90 సార్లు. మనం తల వంచితే గేమ్‌లో కెమెరా కూడా వంగాలి. పాత గేమ్‌కి ఇవేవీ తెలియవు. వాటిని నేర్పడానికి ఎవరో కూర్చుని ఆ గేమ్ కోసమే మాడ్ (గేమ్‌ని మార్చే అదనపు ప్రోగ్రామ్) రాయాలి, లేదా గేమ్ ఇంజిన్‌లోకి (గేమ్‌ని నడిపించే అసలు ప్రోగ్రామ్‌లోకి) దూరి కెమెరాని రెండు చేసే సాఫ్ట్‌వేర్ వాడాలి. ఈయన ఆ రెండూ చేయలేదు. లాప్‌టాప్ స్క్రీన్‌ని హెడ్‌సెట్‌లో చూపించే యాప్‌కి థియేటర్ సెట్టింగ్ పెట్టి ఇచ్చాడు. ఆ సెట్టింగ్‌లో గేమ్స్ ఏంటి, ఎక్సెల్ షీట్ కూడా ‘వీఆర్‌లో’ కనిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తా. దీనికోసమే ఈ పోస్ట్.

మరుసటి రోజు సాయంత్రం షాపుకి పోయాను. హెడ్‌సెట్ ఇంటి దగ్గరే పూర్తిగా ఆఫ్ చేసి సంచిలో పెట్టుకున్నాను. లోపల కస్టమర్లు ఉన్నారు. ఒకాయన వాళ్ల అబ్బాయిని డెమోకి తీసుకొచ్చాడు. నన్ను చూడగానే షాపాయన ‘రా అన్నా రా, ఎట్లుంది మన సరుకు?’ అని నవ్వాడు. నేను గొడవకి పోలేదు, మెల్లగానే చెప్పాను. ఇవి వీఆర్‌లో లేవు, థియేటర్‌లో తెర మీద వస్తున్నాయి, డెమోలో మీరు చూపించింది ఇది కాదు అని.

‘తల తిప్పితే తెర అక్కడే నిలబడి ఉందా, నీతో పాటు తిరుగుతాందా?’

‘నిలబడే ఉంది.’

‘మరి అదే కదన్నా వీఆర్ అంటే! మామూలు టీవీ అట్ల చేస్తాదా?’

మామూలు టీవీ కూడా మనం తల తిప్పితే అక్కడే నిలబడి ఉంటుంది. ఈ జవాబు నాకు రాత్రి ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే తట్టింది. షాపులో మాత్రం నోరు తెరుచుకుని నిలబడ్డాను.

అంతలో పక్కన ఇయర్‌బడ్స్ డబ్బాలు సర్దుతున్న కుర్రాణ్ణి పిలిచాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్లుంటాయేమో. నా సంచిలోంచి హెడ్‌సెట్ తీసి, పట్టీ కూడా బిగించకుండా, వాడి మొహానికి ఆనించి చేత్తో పట్టుకున్నాడు.

‘బొమ్మ కనపడ్తాందా రా?’

‘కనపడ్తాందన్నా.’

‘క్లియర్‌గా ఉందా?’

‘సూపర్ ఉందన్నా.’

మళ్లీ చెప్తున్నా, హెడ్‌సెట్ ఆఫ్‌లో ఉంది. బటన్ ఎవరూ నొక్కలేదు. ఆ కుర్రాడు చూస్తున్నది కటిక చీకటి. ఆ చీకటి సూపర్ ఉందట.

ఆయన షాపంతా వినపడేలా నావైపు తిరిగి, ‘చూడన్నా, వానికి బాగానే కనపడ్తాంది. నీకు కనపడలేదంటే కండ్ల డాక్టర్ దగ్గరికి పో’ అన్నాడు. అందరూ నవ్వారు. డెమోకి వచ్చిన అబ్బాయి కూడా నవ్వాడు. హెడ్‌సెట్ అసలు ఆన్‌లోనే లేదని నేను అనేలోపు దాన్ని తిరిగి నా సంచిలో పెట్టేసి, నెక్స్ట్ ఎవరన్నా అంటున్నాడు. గట్టిగా అడిగితే ‘వ్యాపారం దగ్గర నిలబడి నోరు పారేసుకోవద్దు, ఒకసారి సాఫ్ట్‌వేర్ ఇచ్చినాక వాపస్ ఉండదు, యాడన్నా చెప్పుకో పో’ అని ‘అన్నా’ అనడం కూడా మానేశాడు. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వులు మాత్రం ఇంకా చెవుల్లోంచి పోవట్లేదు.

ఇంకొకటి మర్చిపోయా. ఎడమ కంటి లెన్స్‌లో, మధ్యకి కాస్త పైన, కందిగింజంత పసుపుపచ్చ మచ్చ. మెనూలో ఉంది, గేమ్‌లో ఉంది, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ వస్తే ఇంకా స్పష్టంగా ఉంది. కొన్న రోజే ఫోన్ చేసి అడిగితే ‘అది గేమ్‌లో సూర్యుడన్నా’ అన్నాడు. సెట్టింగ్స్ పేజీలో కూడా సూర్యుడు ఉదయిస్తాడని నాకు తెలియదు మరి. విషయం ఏంటంటే, వీఆర్ లెన్స్ భూతద్దమే. ఎండ దాని మీద నేరుగా పడితే లోపలి స్క్రీన్ మీద ఒక చుక్కలా కూడుకుని కాల్చేస్తుంది. అందుకే ఎండలో పెట్టొద్దని కంపెనీ వాళ్లే మొత్తుకుంటారు. ఈయన షాపులో హెడ్‌సెట్లన్నీ అద్దాల షోకేస్‌లో, లెన్స్‌లు రోడ్డు వైపు పెట్టి, పడమటి ఎండకి వరసగా కూర్చోబెట్టి ఉంటాయి. కర్నూలు ఎండకి! ఆ మచ్చ ఒక్కటీ పోగొట్టడానికి రాదు, స్క్రీన్ మొత్తం మార్చాల్సిందే.

మా బామ్మర్ది దగ్గర ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న లాప్‌టాప్ ఉంది. వాడు డిస్క్ మొత్తం తవ్వి చూశాడు. అందులో ‘ప్రీమియం వీఆర్ ఇంజిన్’ అని ఒక ఫోల్డర్ ఉంది. తెరిస్తే యూఈవీఆర్, ఇందాక చెప్పిన కెమెరాని రెండు చేసే సాఫ్ట్‌వేర్ లాంటిదే. ప్రేడాగ్ అనే పేరుతో రాసే డెవలపర్ 2024 జనవరిలో అందరికీ ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ అది, సాఫ్ట్‌వేర్లు పెట్టే గిట్‌హబ్ సైట్‌లో ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు. పేరు మార్చి నాకు అమ్మాడు. పోనీ దానితో వైస్ సిటీ నడుస్తుందా అంటే, అది అన్‌రియల్ ఇంజిన్ 4, 5 మీద చేసిన గేమ్స్‌కి మాత్రమే. పాత వైస్ సిటీ రెండర్‌వేర్ అనే వేరే ఇంజిన్ మీద చేసింది, దీనికీ దానికీ చుట్టరికమే లేదు.

బామ్మర్ది దగ్గర స్ట్రే ఉంది, ఆ పిల్లి గేమ్. దాన్ని యూఈవీఆర్‌తో పెట్టి చూపించాడు. అదీ వీఆర్ అంటే. తెర లేదు, కుర్చీలు లేవు, చుట్టూ ఆ సందు, నియాన్ లైట్లు, నా కాళ్ల ముందు పిల్లి. వంగి చూస్తే పైపు వెనక ఏముందో కనిపించింది. (గేమ్ కెమెరా దానంతట అదే తిరిగినప్పుడు కడుపులో తిప్పింది, అది వేరే సంగతి.) చూశాక కోపం ఇంకా పెరిగింది. పాత గేమ్స్ వీఆర్‌లో ఆడటం నిజంగానే ఉంది, అదీ సగానికి సగం ఉచితంగా. 2004 నాటి హాఫ్ లైఫ్ 2కి, పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్‌లోనే 2022 నుంచి ఉచిత వీఆర్ మాడ్ ఉంది, గేమ్ కొని ఉంటే చాలు. మొదటి హాఫ్ లైఫ్ (1998), డూమ్ 3 అయితే పీసీ కూడా అక్కర్లేకుండా క్వెస్ట్‌లోనే నడిచేలా మార్చి పెట్టారు, గేమ్ ఫైల్స్ మాత్రం మనం కొన్నవే వేసుకోవాలి. పీఎస్‌పీ (సోనీ వాళ్ల పాత చేతి గేమ్ మెషిన్) గేమ్స్‌ని వీఆర్‌లో నడపడానికి పీపీఎస్ఎస్‌పీపీ అనే యాప్ ఉంది. పీసీ గేమ్స్‌ని వీఆర్‌లో చూపించే వోర్ప్‌ఎక్స్ లాంటివి డబ్బు కట్టి కొనేవి, అది కూడా నేరుగా వాళ్ల సైట్‌లోనే దొరుకుతుంది. ఏ గేమ్‌కి ఏది పనిచేస్తుందో వెతకడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక లేకే కదా నేను 5,500 కట్టింది.

నిన్న రాత్రి కొత్త పోస్టర్ వచ్చింది, చూసే ఉంటారు. ఈసారి 1000 గేమ్స్. పైన పెద్దక్షరాల్లో ‘శాన్ ఆండ్రియాస్ వీఆర్ ఎడిషన్’. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శాన్ ఆండ్రియాస్‌ని క్వెస్ట్ 2కి తెస్తామని 2021లో ప్రకటించి, 2024లో ఎప్పటికి వస్తుందో చెప్పలేమని మెటా వాళ్లే పక్కన పెట్టేశారు. అమెరికాలో అంత పెద్ద కంపెనీ తేలేనిది మన ఊళ్లో షోకేస్‌లో రెడీగా ఉందంటే గర్వపడాలి మనం.

అయినా కొంటామంటే మీ ఇష్టం. డెమో మీరు అడిగిన గేమ్‌తోనే పెట్టమనండి, మీరు తీసుకెళ్లబోయే హెడ్‌సెట్‌లోనే, మీ అకౌంట్‌తోనే. గేమ్‌లో ఒక స్తంభమో చెట్టో చూసుకుని తల పక్కకి జరిపి దాని వెనక్కి తొంగి చూడండి. వెనక ఉన్నది కనిపిస్తే వీఆర్, బొమ్మ చుట్టూ నాలుగంచుల చట్రం కనిపిస్తే థియేటర్. తెల్లటి పేజీ ఒకటి తెరిచి ఒక్కో కన్ను మూసి మచ్చలు చూడండి. బిల్లు లేనిదే డబ్బు వేయకండి. యాంటీవైరస్ ఆపేయమని ఎవడైనా అంటే అక్కణ్నుంచి వచ్చేయండి, నా లాప్‌టాప్‌లో ఇప్పుడు బ్రౌజర్ తెరిస్తే చాలు బెట్టింగ్ యాడ్స్ వస్తున్నాయి.

నా దగ్గర బిల్లు లేకపోయినా యూపీఐ పేమెంట్ వివరాలు, ‘అన్నీ ఫుల్ వీఆర్ అన్నా, గ్యారంటీ’ అన్న వాట్సాప్ మెసేజ్, పాత పోస్టర్లు ఉన్నాయి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాను. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను, కొన్న వస్తువు 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు కూడా లేదు. ఈయన దగ్గరే ఈ ప్యాక్ కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీ పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ నాకు ఇన్‌బాక్స్‌లో పంపండి. మెసేజ్‌లు ఆయన డిలీట్ చేసేలోపు ఈ రాత్రే తీసి పెట్టుకోండి, నాకు పంపినవి రెండు ఇప్పటికే మాయమయ్యాయి.