తోడుగా ఎవరు: సొంత ల్యాబ్ అన్నా, పక్క డిపార్ట్‌మెంట్ అక్కా?

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి కొత్తగా చేరారా? దారి చూపే సీనియర్‌ను ముందే వెతుక్కోండి. సొంత ల్యాబ్ అన్న అయితే పని చకచకా సాగుతుంది. ఏ కెమికల్ ఎక్కడుందో, డ్రాఫ్ట్ ఎప్పుడిస్తే గైడ్‌గారు చదువుతారో, సెమిస్టర్‌కోసారి సలహా కమిటీ ముందు ఏం చూపాలో ఆయనకు తెలుసు. కానీ గైడ్‌తోనే ఇబ్బంది వస్తే? ఆ మాట ల్యాబ్‌లో ఎత్తలేం. అదే గైడ్ సంతకం అన్నకూ కావాలి కదా!

పక్క డిపార్ట్‌మెంట్ అక్కకు మన ప్రయోగం అర్థం కాదు, నిజమే. టీ తాగుతూ మనసు విప్పి చెప్పుకోవచ్చు మరి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, మామూలుగా గరిష్ఠం 6 ఏళ్లు. అన్నాళ్లు టెన్షన్ దిగమింగుకుని కూర్చోలేం. నా ఓటు అక్కకే. మొదట్లో ఉండే క్లాసులు, అదే కోర్సువర్క్, అయ్యేదాకా మాత్రం అన్నను వదలకండి.